ముసలి వైద్యుడి వణుకు

మూడింటికి మీ వంతు అని చెప్పిన పండగవాళ్ల క్లిప్‌బోర్డు పిల్ల మూడున్నరకు వచ్చి నాలుగున్నర అంది. నాలుగున్నరకు వచ్చి "ఇంకొక్క అరగంట, అమ్మమ్మా" అంది. ఇప్పుడు ఐదూ పది. అమ్మమ్మా అన్నందుకు ఒకటి, అరగంట అన్నందుకు ఒకటి, ఆ పిల్ల రెండు చెంపలూ వాయించాలని డెల్మీరాకు చేతులు దురద పెట్టాయి గానీ, ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో విసనకర్ర ఉండబట్టి ఊరుకుంది.

డిసెంబరంటే అక్కడ నడివేసవి. మాంటెవిడియో నగరంలో నది ఒడ్డున ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె ఒంటి మీద గంజి పెట్టిన లంగాలు మూడు, వాటి మీద పూల గౌను, నడుముకు దూది మెత్తలు, నెత్తికి తెల్ల గుడ్డ. ముసలమ్మ వేషమంటే అంతే మరి. ముప్పై అయిదో ఏట ఈ వేషం మొదలుపెట్టినప్పుడు మొహం మీద ముడతలు గీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు అరవై ఆరు, ఆ పని తప్పింది.

వేదిక మీద ఒక పెద్దమనిషి బానిసల ఓడల గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఇరవై నిమిషాలని పిలిచారు, యాభై నిమిషాలైంది. ఆ ఓడల్లో గొలుసులతో వచ్చినవాళ్ల మునిమనవలూ మునిమనవరాళ్లూ ముప్పై మంది వేదిక వెనక ఎండలో వేషాలతో నిలబడి చెమటలు కక్కుతున్నారు. ఆయన మాత్రం నీడలో నిలబడి వాళ్ల కష్టాల గురించి గొంతు జీరపోయేలా చెబుతున్నాడు. ఆఫ్రికా సంతతి సంగీత కళల పండగ అని ఎర్ర గుడ్డ మీద ఇంతింత అక్షరాలు రాయించారు గానీ, ఆ సంతతికి మంచినీళ్లిద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

రోడ్డవతల మూడోసారి మంట వేశారు. డోళ్లు కాచుకోనిదే ఈ పేటలో ఎవరూ కర్ర ముట్టరు. పండగ ఆవరణలో నిప్పు కూడదన్నారు కాబట్టి, అట్టముక్కలూ పాత పేపర్లూ ఏరుకుని రోడ్డు దాటి వెళ్లి, డోళ్లను మంట చుట్టూ పడుకోబెట్టి, తోలు బిగిసి ఠంగుమనేదాకా కాచి, మళ్లీ రోడ్డు దాటి మోసుకురావాలి. తీరా వచ్చాక "ఇంకో అరగంట". అరగంటలో తోలు చల్లారి, గుమ్మడికాయ మీద కొట్టినట్టు మోగుతుంది. మళ్లీ మంట. డోళ్ల పెద్ద ఎలిసేయో ఇప్పటికి మూడుసార్లు రోడ్డు దాటాడు. మూడోసారి దాటేటప్పుడు వాడి నోట వచ్చిన మాటలు ఇక్కడ రాసేవి కావు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ చెట్టు కింద మడత కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కడూ ఒక ఎత్తు.

ఉబాల్డో ఆమెకు బావ. చనిపోయిన అక్క భర్త. వయసు డెబ్బై నాలుగు. ముప్పై ఒక్క ఏళ్లుగా తిసోన్ మేళంలో ఆయనది మూలికల వైద్యుడి వేషం, ఆమెది ఆయన జత ముసలమ్మ వేషం. నల్ల పొడుగు కోటు, ఎత్తు టోపీ, దూది గడ్డం, చేతికర్ర, మూలికల పెట్టె. డోళ్లు మొదలవగానే ఆ ముసలి వైద్యుడు వణకాలి. భుజాలు, చేతులు, మోకాళ్లు, గడ్డం కొసతో సహా వణకాలి. కూలిపోతున్నాడు అనిపించాలి, కూలకూడదు. ముసలమ్మ తిట్టాలి, విసరాలి, లేవనెత్తాలి. అదీ ఆట. ఎవడైనా వణకగలడు, కానీ ఉబాల్డో వణుకు చిన్న డోలు తాళానికి ఒక్క రవ్వ కూడా అటూ ఇటూ అవదు. కళ్లు మూసుకుని ఆయన చేతికర్ర చప్పుడు విన్నా డోలు వాయించుకోవచ్చని పేటలో చెప్పుకుంటారు.

ఈ ఏడాదే గొడవ మొదలైంది. మామకు వయసైపోయింది, ఫిబ్రవరి ఊరేగింపు మైలు దూరం, నడవలేడు అని ఎలిసేయో అన్నాడు. ఉబాల్డో కర్ర నేలకేసి కొట్టి, "ఏ రోజు తాళం తప్పితే ఆ రోజు నా అంతట నేనే టోపీ తీసేస్తాను. ఆ రోజు దాకా ఎవడూ దీని వంక చూడొద్దు" అన్నాడు. సరే, ఈ పండగలో ఆట చూశాక తేలుద్దామన్నారు. ఆయనకు పూచీ పడింది డెల్మీరానే. పడకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అక్క పోయాక ఈ మనిషి ఆ టోపీ కోసమే కుర్చీలోంచి లేస్తున్నాడు. టోపీ పోతే కుర్చీలోనే ఉండిపోతాడు.

పూచీ పడ్డది కదాని ఆయన ఏమైనా సాయపడుతున్నాడా అంటే, అదీ లేదు.

"ఆ కోటు విప్పు బావా. ఉడికిపోతున్నావ్."

"వైద్యుడు కోటు విప్పడు."

"రోగం వస్తే వైద్యుణ్ణే వైద్యుడి దగ్గరికి మోసుకెళ్లాలి. తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావ్?"

"నువ్వు పెట్టిందే తిన్నాను. నువ్వు మరదలివా, పోలీసువా?"

డెల్మీరా ఆ మొహం వంక అనుమానంగా చూసింది. దూది గడ్డం వెనక మనిషి నిజం చెబుతున్నాడో అబద్ధమాడుతున్నాడో ఆ దేవుడికే తెలియాలి. పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి మరీ చెప్పింది. "పిన్నీ, నాన్న పన్నెండింటికి ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. వేసుకున్నాక తినకపోతే షుగరు పడిపోతుంది. కడుపు నిండితే కాళ్లు బరువెక్కుతాయని ఆటకు ముందు ముద్ద ముట్టడు. నువ్వు దగ్గరుండి తినిపించు." దగ్గరుండే తినిపించేది, కానీ సరిగ్గా అప్పుడే క్లిప్‌బోర్డు పిల్ల వచ్చి వేషాల వాళ్ల పేర్లు మూడోసారి రాసుకుపోయింది. తిరిగి వచ్చేసరికి రొట్టెల పొట్లం ఖాళీ. పక్కనే ఎవరిదో కుక్క నాలుకతో మూతి తుడుచుకుంటోంది. కుక్కలు ఎప్పుడూ మూతి తుడుచుకుంటూనే ఉంటాయిలే అని డెల్మీరా మనసుకు సర్దిచెప్పుకుంది. తర్వాత ఆ సర్దిచెప్పుకున్నందుకే తనను తాను తిట్టుకుంది.

"అమ్మా, మంచినీళ్లు తెమ్మంటారా?"

లెయాండ్రో. సిటీ బస్సు డ్రైవరు, ముప్పై నాలుగేళ్లవాడు. ఉబాల్డో కాకపోతే ఆ వేషం ఇతనికే. ఎందుకైనా మంచిదని తన కోటూ గడ్డమూ ఒక సంచిలో వేసుకుని తెచ్చుకున్నాడు. పొద్దుట్నుంచీ అందరికీ అన్నీ అందిస్తూ ఎంత మర్యాదగా ఉన్నాడంటే, తిట్టడానికి సందు దొరక్క డెల్మీరాకు ఇంకా ఒళ్లు మండింది.

"నాకేం వద్దు నాయనా. నువ్వెళ్లి ఆ గోడ పక్కన వణుకు నేర్చుకో. ఇందాక చూశాను, చలిజ్వరం వచ్చినట్టుంది."

"ఉబాల్డో గారు నేర్పితే నేర్చుకుంటానమ్మా."

"నేర్పడు" అన్నాడు కుర్చీలోంచి ఉబాల్డో. "బస్సు నడుపుకో. అది కుదుపుతుంది, నువ్వు వణుకుతావు, ఖర్చు లేని పని."

మంట దగ్గర్నుంచి ఎలిసేయో పెద్ద డోలు భుజాన వేసుకుని వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "అత్తా, ఈసారి గనక వాయిదా వేశారంటే నేను ఈ డోలు ఆ ఉపన్యాసం ఇచ్చేవాడి నెత్తిన బోర్లిస్తా. తోలు ఇంక కాపుకు తట్టుకోదు, చిట్లిపోతుంది."

"మూడు గంటలు ఎండలో పెడితే నా తోలూ చిట్లింది. నాకెవరు కాపు పెడతార్రా?"

అప్పుడు క్లిప్‌బోర్డు పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మమ్మా, మీదే, మీదే, వెంటనే! కానీ పన్నెండు నిమిషాలే. పదమూడో నిమిషానికి మైకు కట్టేస్తాం. ఇప్పటికే ఆలస్యమైపోయింది కదా, మీరు కాస్త అర్థం చేసుకోవాలి."

ఆలస్యం చేసింది వాళ్లైతే అర్థం చేసుకోవాల్సింది తామట. డెల్మీరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది గానీ, అప్పటికే ఉబాల్డో కర్ర ఊతంగా కుర్చీలోంచి లేచాడు. లేవడంలో ఒక్క క్షణం తూలాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

"వేదిక ఎక్కాక పట్టుకో. కింద నేను నీ మొగుణ్ణి కాను."

"నా అదృష్టం" అంది డెల్మీరా.

వేదిక మీద జారుడు తివాచీ పరిచారు. వీధి రాళ్ల మీద ఆడాల్సిన ఆటకు తివాచీ ఎందుకని అడిగే ఓపిక ఎవరికీ లేదు. మైకు పట్టుకున్న ఆవిడ "మన గతం నుంచి నడిచివచ్చిన ఆణిముత్యాలు" అని పరిచయం చేసింది. ఆణిముత్యాలు చెమట తుడుచుకున్నాయి. పది డోళ్లు వెనక బారు తీరాయి. ఎలిసేయో కర్రతో డోలు చెక్క మీద తాళం వేశాడు. చిన్న డోళ్లు అందుకున్నాయి, మధ్య డోళ్లు మాటా మాటా పెంచాయి, పెద్ద డోలు అడుగునుంచి ధమ్మంది. అంత విసుగులోనూ డెల్మీరా పాదాలు వాటంతట అవే కదిలాయి. మూడు గంటల ఎండ, అరగంటలు, అమ్మమ్మలు, అన్నీ ఎక్కడికో పోయాయి.

మొదటి చుట్టు ఎప్పటిలాగే సాగింది. ఉబాల్డో టోపీ తీసి జనానికి దండం పెట్టాడు, పెట్టెలోంచి ఆకు తీసి ఆమెకు వాసన చూపించాడు, ఆమె ముక్కు మూసుకుని విసనకర్రతో కొట్టింది. జనం నవ్వారు. రెండో చుట్టులో వణుకు మొదలైంది.

అలాంటి వణుకు డెల్మీరా ఈ మధ్య చూడలేదు. మోకాళ్ల దగ్గర పుట్టి వెన్ను మీదుగా పాకి, చేతికర్ర కొసదాకా దిగింది. గడ్డంలోని ఒక్కొక్క దూదిపోగూ కదిలింది. ముందు వరసలో ఒకావిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. జనంలో చప్పట్లు పుట్టాయి. చూశావా ఎలిసేయో, అనుకుంది డెల్మీరా, వయసైపోయిందన్నావు, కళ్లు తెరిచి చూడు. గర్వంతో విసనకర్ర ఇంకాస్త జోరుగా విసిరింది. వెనకే చిన్న కుళ్లు కూడా పొడిచింది. ఇంత ఆట ఈ ముసలాడు ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నాడు? తనూ రెచ్చిపోయి ఆడింది.

మూడో చుట్టులో ఆమె ఆయన నడుం మీద చెయ్యి వేసి తిప్పాలి. వేసింది. అరచెయ్యి ఏదో తప్పని చెప్పింది. కాసేపు ఏమిటో అర్థం కాలేదు. పక్కన చిన్న డోలు ఒకటి చెబుతోంది, చేతి కింద ఒళ్లు ఇంకొకటి చెబుతోంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ రెండూ వేరవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మొహంలోకి చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఆమెను చూడటం లేదు. కోటు కాలరు మీద చెమట కాలవ కట్టింది. మెడ పట్టుకుంటే మంచుముక్కలా ఉంది.

"బావా! తిన్నావా లేదా? నిజం చెప్పు!"

పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"ఎలిసేయో! ఆపరా! పంచదార తెండి! ఎవరైనా పంచదార తెండి, మనిషి పడిపోతున్నాడు!"

జనం ఘొల్లున నవ్వారు. నవ్వరూ మరి? ముసలమ్మ ముసలాయన్ను పట్టుకుని అరవడమే కదా ఆట. వెనక వరసలోంచి ఒకడు, "ఒక ముద్దు పెట్టమ్మా, లేస్తాడు!" అని కేక వేశాడు. ఆమె వాణ్ణి బండబూతులు తిట్టింది, ఇంకా నవ్వారు. డోళ్లవాళ్లు వణుకు చూసి ఉత్సాహపడి వేగం పెంచారు. ఎలిసేయో కళ్లు మూసుకుని ఎక్కడో ఉన్నాడు. ఆమె వేదిక పక్కకు తిరిగి క్లిప్‌బోర్డు పిల్లకు రెండు చేతులూ ఊపింది. ఆ పిల్ల మొహమంతా వెలిగిపోతూ, అయిదు వేళ్లు చూపించింది. ఇంకో అయిదు నిమిషాలు ఆడుకోండి అని. పొద్దుట్నుంచీ నిమిషం నిమిషానికి బేరమాడిన మనుషులకు ఇప్పుడు పుట్టింది దాతృత్వం!

నాలుగో చుట్టుకు ఉబాల్డో బరువంతా ఆమె భుజం మీదికి వచ్చేసింది. డెల్మీరా ఆయన్ను అలాగే ఈడ్చుకుంటూ డోళ్ల వరస దాకా నడిచింది. జనం అదీ ఆటే అనుకుని తాళం వేశారు. ఎలిసేయో ముందు నిలబడి, విసనకర్ర పారేసి, పెద్ద డోలు తోలు మీద తన అరచెయ్యి పరిచింది.

మోగుతున్న డోలు మీద పరాయి చెయ్యి వెయ్యడం ఈ పేటలో లేదు. తాగినవాడు కూడా వెయ్యడు. ఎలిసేయో కర్ర వచ్చి ఆమె వేళ్ల కణుపుల మీద పడింది. ప్రాణం జిల్లుమంది, అయినా చెయ్యి తియ్యలేదు. పెద్ద డోలు నోరు మూతపడింది. అడుగు పోయాక మధ్య డోళ్లు తడబడ్డాయి, చిన్న డోళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. డోళ్లన్నీ ఆగినా ఉబాల్డో ఇంకా వణుకుతూనే ఉన్నాడు.

అప్పటికి గానీ జనం నవ్వు ఆగలేదు.

ముందుగా కదిలింది లెయాండ్రోనే. సంచి కింద పారేసి, ఒక్క గెంతులో వేదిక ఎక్కి, తన దగ్గరున్న తియ్యటి కూల్‌డ్రింకు సీసా మూత పళ్లతో ఊడబీకాడు. దూది గడ్డం పక్కకు లాగి కొంచెం కొంచెంగా నోట్లో పోశారు. వేదిక వెనక్కి మోసుకెళ్లి కోటు విప్పారు. వైద్యుడు కోటు విప్పడని చెప్పడానికి ఆయనకు స్పృహ ఉంటేగా. ఎవరో డాక్టరమ్మ జనంలోంచి వచ్చి వేలు గుచ్చి రక్తం చూసి, భయం లేదు, ఇంకాస్త తాగించండి, అంబులెన్సు వస్తోంది అంది. కాసేపటికి వణుకు తగ్గింది. కళ్లకు మనుషులు కనబడటం మొదలైంది.

ఆయన అన్న మొదటి మాట, "డోలు మీద చెయ్యి ఎవరు వేశారు?"

ఎలిసేయో నేల చూపులు చూశాడు.

"నేనే" అంది డెల్మీరా. "నువ్వు తిన్నావా?"

"కుక్కకు పెట్టాను."

"నీ దుంప తెగ! అబద్ధాలకోరు ముసలాడా! నీ కూతురికి నేనేం మొహం చూపించేదాన్ని? నీ శవాన్ని చూసి చప్పట్లు కొట్టేవాళ్లు, తెలుసా? అయిదు నిమిషాలు ఎక్కువ ఇచ్చేవాళ్లు!"

"మోగే డోలు మీద చెయ్యేస్తావా? మీ అక్క ఉంటే..."

"మా అక్క ఉంటే ఆ చెయ్యి డోలు మీద కాదు, నీ చెంప మీద వేసేది."

ఉబాల్డో ఇంకో గుక్క తాగి, సీసా పక్కన పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "తాళం తప్పానా?"

చుట్టూ అందరూ ఉన్నారు. ఎలిసేయో ఉన్నాడు, లెయాండ్రో ఉన్నాడు. లేదు బావా, ఒళ్లు తూలింది గానీ తాళం తప్పలేదు అని ఒక్క ముక్క అంటే చాలు. షుగరుది తప్పు, కాళ్లది కాదు అని వాదించి ఫిబ్రవరిదాకా నెట్టుకురావచ్చు. ఆమె వేళ్లు బూరెల్లా వాచిపోయాయి. పొద్దుట్నుంచీ ఈ మనిషి చెప్పిన అబద్ధం చాలు, ఇంకోటి తను కలపలేదు.

"తప్పావు."

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత లెయాండ్రో వైపు తిరిగాడు. "రేపు సాయంత్రం ఇంటికి రా. ఆ గడ్డం తేవద్దు, గొర్రె తోకలా ఉంది. ముందు మోకాళ్లు నేర్చుకుందువు గాని."

లెయాండ్రో నోరు తెరిచి ఏదో మర్యాద మాట అనబోయాడు. ఎలిసేయో అతని భుజం పట్టుకుని అవతలికి తీసుకెళ్లిపోయాడు.

అంబులెన్సు చప్పుడు దూరంగా వినబడుతోంది. ఉబాల్డో ఆమె వాచిన చేతిని చూశాడు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వదిలేశాడు.

"ఎప్పట్నించి తప్పాను?"

"రెండో చుట్టు నుంచి."

"రెండో చుట్టు నుంచా? మరి నాలుగో చుట్టు దాకా నువ్వేం చేస్తున్నావే?"

"బాగా ఆడుతున్నావనుకున్నాను, బావా" అంది. "నీ అంత బాగా ఎవరూ ఆడలేరనుకున్నాను."

ఆయన కళ్లెత్తి ఆమెను చూశాడు.

"ముప్పై ఒక్క ఏళ్లు" అన్నాడు ఉబాల్డో. "ముప్పై ఒక్క ఏళ్లలో నోరు తెరిచి ఒక్కసారి అనలేదు. ఇప్పుడన్నావు, అదీ నేను ఆడని రోజున."